కర్రపెండలం ముచ్చె నుంచి గాజుసీసా దాకా

సగ్గుబియ్యం మిల్లులకు పేరుపడ్డ పెద్దాపురం, సామర్లకోట పరిసరాల్లో కర్రపెండలం చేలను చూసినప్పుడల్లా నా దృష్టి ముందుగా ఆకుల మీదికే పోతుంది. పసుపు మచ్చలతో ముడుచుకుపోయిన ఆకు మొజాయిక్ అనే వైరస్ తెగులుకు గుర్తు. తెల్లదోమ దాన్ని వ్యాపింపజేస్తుందన్న మాట నిజమే గానీ, తెగులు సోకిన మొక్క నుంచి కోసిన ముచ్చెలనే, అంటే కాండం ముక్కలనే, మరుసటి ఏడు నాటడం వల్ల ఆ వైరస్ మన చేతుల మీదుగానే కొత్త చేలకు చేరుతోంది; నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

దీనికి విరుగుడు కొమ్మ చివరి మొనలోనే ఉంది. నాళాలు ఇంకా ఏర్పడని ఆ కణజాలంలోకి వైరస్ సులభంగా చేరలేదు. 1952లో ఫ్రాన్సులో మోరెల్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు డాలియా మొక్కను ఈ మార్గంలోనే వైరస్ నుంచి విడిపించారు. మిల్లీమీటరులో సగం కూడా ఉండని ఆ మొనను సూక్ష్మజీవులు లేని చోట కోసి, 1962లో మురాషిగె, స్కూగ్ ప్రకటించిన పోషక మాధ్యమంలో, గాజుసీసాలో పెంచి, వైరస్ లేదని పరీక్షలో తేలాకే కణుపు కణుపుగా కోసి వృద్ధి చేస్తారు.

సీసాలోంచి బయటికి తెచ్చే దశ మరీ సున్నితమైనది: ఆకుల మీద మైనపు పొర పలుచగా ఉండటంతో, మొదటి కొద్ది వారాల్లో గాలిలో తేమ తగ్గితే మొక్క వాడిపోతుంది. వైరస్ లేని మొక్క అంటే తెగులును తట్టుకునే మొక్క అని కాదు. చేలో తెల్లదోమ మళ్లీ వాలుతుంది కనుక, ముచ్చెలిచ్చే తల్లిమొక్కలను దోమ దూరని వలపందిరిలోనే ఉంచాలని నా గట్టి అభిప్రాయం.