నా నర్సింగ్ డిగ్రీకి ఒక ఓటు ఉందని తెలిశాక

గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. 2024 అక్టోబరులో ఒకరోజు మా ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) గారు డ్యూటీ డాక్టర్ల దగ్గర డిగ్రీ జిరాక్సులు తీసుకుంటున్నారు. ఎందుకు సార్ అంటే, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు కోసం అన్నారు. "మేమూ ఇవ్వొచ్చా సార్?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "మీది బీఎస్సీయే కదమ్మా, ఎందుకివ్వకూడదు?" అన్నారు.

అన్నేళ్లలో ఆ మాట నాకే తట్టలేదు. మాది డిగ్రీ అని మాకే గుర్తుండదు.

మన శాసనమండలిలో 58 స్థానాలుంటే, అందులో 5 పట్టభద్రులు ఎన్నుకునేవి. మాది కృష్ణా–గుంటూరు. మామూలు ఓటరు కార్డు ఉంటే ఈ ఓటు దానంతటదే రాదు. ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు, కిందటిసారి పేరున్నా మళ్లీ ఫారం 18 అనే దరఖాస్తు పెట్టాల్సిందే. 2024 నవంబరు 1 నాటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండి ఉండాలి. దరఖాస్తుకు గడువు నవంబరు 6.

ఫారంలో "వృత్తి" అన్నచోట స్టాఫ్ నర్సు అని రాస్తుంటే ఏదో తెలియని ధైర్యం వచ్చింది. డిగ్రీ కాపీ మీద గెజిటెడ్ సంతకం కోసం ప్రభుత్వాసుపత్రిలో తెలిసిన డాక్టరు గారి ఓపీ అయ్యేదాకా కూర్చున్నాను. నైట్ డ్యూటీ దిగి, కళ్లు మండుతుండగా, ఫారం ఇచ్చి రసీదు తీసుకున్నాను.

నవంబరు 23న ముసాయిదా జాబితా వచ్చింది. అందులో నా పేరు లేదు. డిగ్రీలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, తేడా అక్కడ వచ్చింది. పెళ్లైన సిస్టర్లలో చాలామందికి ఇదే చిక్కు. డిసెంబరు 9 వరకు అభ్యంతరాలకు గడువుంది కాబట్టి మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేసి మళ్లీ పెట్టాను. డిసెంబరు 30న తుది జాబితాలో పేరు కనిపించేదాకా టెన్షనే. వచ్చేసారి పెట్టేవాళ్లు మొదటే ఆ కాగితం జత చేయండి.

అన్నిటికంటే బాధపడింది జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) చేసిన సిస్టర్ల విషయంలో. మా ఐసీయూలో నాకు వెంటిలేటర్ నేర్పిన అక్క జీఎన్ఎం. మూడేళ్ల చదువు, ఇరవయ్యేళ్ల అనుభవం. అయినా అది డిప్లొమా, డిగ్రీ కాదు కాబట్టి ఆమెకు ఈ ఓటు లేదు. "మీరు వేయండి, మా మాట కూడా చెప్పండి" అంది అక్క. ఆ మాటతోనే అభ్యర్థులకు ఇవ్వడానికి మా కోరికల కాగితం రాయడం మొదలుపెట్టాం.

రాత్రి భోజనాల దగ్గర కూర్చుని రాశాం. మొదట రెండు పేజీలొచ్చింది, కొట్టేసి కొట్టేసి రెండే అంశాలు ఉంచాం. ఒకటి, జీతం. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు జీతం ప్రభుత్వ నర్సుతో సమానంగా ఉండాలంది. 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20,000కి తగ్గకూడదంది. దాన్ని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. కేరళలో నర్సులు రోడ్డెక్కి పోరాడాక 2018లో అక్కడి ప్రభుత్వం కనీస వేతనం పెంచింది. రెండోది, ఒక్కో నర్సుకు ఎంతమంది రోగులు అన్నది. బోధనాసుపత్రులు కాని చోట సాధారణ వార్డులో అయిదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మా వార్డులో రాత్రి పద్దెనిమిది మందికి ఒక్కరం. ఒక బెడ్ దగ్గర సెలైన్ మారుస్తుంటే ఇంకో బెడ్‌లో ఊపిరాడనివాళ్లు పిలుస్తారు. ఎటు పరిగెత్తాలి? ఇది జీతం గొడవ కాదు, రోగి ప్రాణం గొడవ.

2025 ఫిబ్రవరిలో ఒక అభ్యర్థి మా ఆసుపత్రికి ప్రచారానికి వచ్చారు. కాన్ఫరెన్స్ హాల్లో డాక్టర్లతో మాట్లాడి, మా నర్సింగ్ స్టేషన్ ముందు నుంచే లిఫ్ట్ వైపు వెళ్లిపోతున్నారు. గుండె దడదడలాడుతోంది. అయినా వెళ్లి, "సార్, ఇక్కడ మా నర్సులవి పద్నాలుగు ఓట్లున్నాయండీ" అన్నాను. ఆగారు. "ఈ ఓటు నర్సులకు కూడా ఉంటుందామ్మా?" అని అడిగారు. కాగితం ఇచ్చాను. నిలబడే మొత్తం చదివారు. రోగుల లెక్క దగ్గర వేలు పెట్టి, "పద్దెనిమిది మందికి ఒక్కరా?" అని రెండుసార్లు అడిగారు. ఆ తర్వాత మిగతా అభ్యర్థుల ఆఫీసులకూ అదే కాగితం పంపాం.

పోలింగ్ ఫిబ్రవరి 27, ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు. మార్నింగ్ డ్యూటీ వాళ్లకు రెండింటికి గానీ విడుదల ఉండదు కాబట్టి ముందే డ్యూటీలు సర్దుకున్నాం. జీఎన్ఎం అక్కలు మా బదులు నిలబడ్డారు. బూత్‌లో వాళ్లిచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే, నచ్చిన అభ్యర్థి ఎదురుగా 1 అంకె వేయాలి, ఆ తర్వాత ఇష్టాన్ని బట్టి 2, 3. టిక్కు పెట్టినా, ఇద్దరికి 1 వేసినా చెల్లదు. మందు డోసు రాసేటప్పుడు ఎంత జాగ్రత్తగా రాస్తామో అలా రాశాను.

ప్రభుత్వ సిస్టర్లకు ఒక మాట. పార్టీ ప్రచారం మీకు నిబంధనలు ఒప్పుకోవు, నిజమే. ఓటు నమోదుకు మాత్రం ఏ అడ్డూ లేదు.

ఎమ్మెల్సీ పదవీకాలం ఆరేళ్లు. అంటే మళ్లీ ఎన్నిక 2031లో. అప్పుడూ ముందు ఏడాది, అంటే 2030 నవంబరు 1నే లెక్కలోకి తీసుకుంటే, 2027 అక్టోబరు ఆఖరులోపు డిగ్రీ చేతికొచ్చినవాళ్లకే ఓటు. జీఎన్ఎం అయినవాళ్లు డిగ్రీ కోసం చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు. ఈ లెక్క కాగితం మీద వేసి మా ఐసీయూ అక్కకు చూపించాను. నలభై నాలుగేళ్లకు చదువేంటే అని నవ్వింది. మర్నాడు పొద్దున హ్యాండోవర్ అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "ఆ అప్లికేషన్ ఎప్పుడిస్తారో కనుక్కో" అంది.