యుయెండుములో వరస కలిశాకే రికార్డర్

పరిశోధన ఇంటర్వ్యూల కోసం ఆస్ట్రేలియా మధ్యలో ఉన్న ఆదివాసుల ఊరు యుయెండుముకు వెళ్ళాం. ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం నుంచి అక్కడికి సుమారు 290 కిలోమీటర్లు. స్టూవర్ట్ హైవే వదిలి టనమై రోడ్డెక్కాక రెండు పక్కలా ఎర్రమట్టి, ముల్గా పొదలే. బండిలో మంచినీళ్ళు దండిగా పెట్టుకున్నాం, వెనక సీట్లు ఖాళీగా ఉంచాం. ఊళ్ళో ఎవరో ఒకరు ఎక్కించుకోమని అడుగుతారు, ఇంటర్వ్యూలో రాని మాటలు ఆ ప్రయాణంలో వస్తాయి. మద్యం మాత్రం ఒక్క సీసా కూడా ఉండకూడదు, అక్కడికి తీసుకెళ్ళడం నేరం.

1976 నాటి భూమి హక్కుల చట్టం కింద ఈ నేల వార్ల్‌పిరి ఆదివాసులది. పరిశోధనకు ఆదివాసుల భూముల వ్యవహారాలు చూసే సెంట్రల్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ తీసుకున్నాం. పరిశోధనలో నైతికత చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి వేరు, ఊరి పెద్దల ఒప్పుకోలు వేరు. ఒకటి ఉందని ఇంకోటి వదిలేయడానికి లేదు. చాలా ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. ప్రశ్నలన్నీ యూనివర్సిటీలోనే ఖరారు చేసుకుని, అనుమతి తెచ్చుకుని, చివర్లో ఊరికి చూపిస్తారు. అప్పటికి పెద్దలు మార్చమన్నా మార్చడానికి వీలుండదు. ఆస్ట్రేలియా ఆదివాసుల అధ్యయనాల జాతీయ సంస్థ ఐయాట్సిస్ 2020 నియమావళి ప్రకారం ఏం పరిశోధించాలో తేల్చే దశలోనే అక్కడివాళ్ళ నాయకత్వం ఉండాలి.

ఊళ్ళో దిగాక ముందు తేలాల్సింది మన వరస. తెలుగువాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. వార్ల్‌పిరిలో ఎనిమిది స్కిన్ వర్గాలున్నాయి, ఎవరు ఎవరికి ఏ వరసో తేల్చేవి అవే. మగవాళ్ళ వర్గం పేర్లు జకారంతో, ఆడవాళ్ళవి నకారంతో మొదలవుతాయి. బయటి నుంచి వచ్చిన ఆడమనిషికి నపల్జారి అని వర్గం పేరిస్తే జకమర్ర వర్గం మగవాళ్ళందరూ ఆమెకు భర్త వరస. అల్లుడు, అత్తగారు ఎదురెదురుగా కూర్చోరు, మాట్లాడుకోరు. ఈ లెక్క చూడకుండా ఫోకస్ గ్రూప్ పెడితే, అంటే కొందరిని కలిపి కూర్చోబెట్టి మాట్లాడిస్తే, సగం మంది లేచి వెళ్ళిపోతారు, మిగిలినవాళ్ళు నోరు విప్పరు. అందుకే ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో స్థానిక సహ పరిశోధకులే నిర్ణయించారు. ఆడవాళ్ళ విషయాలు ఆడవాళ్ళే అడిగారు, మగవాళ్ళవి మగవాళ్ళే. సహ పరిశోధకులకు గంటల లెక్కన జీతం బడ్జెట్‌లో ముందే రాసుకోవాలి, అది బహుమతి కాదు.

మధ్యలో ఊళ్ళో ఒక మరణం జరిగింది. ఆ తర్వాత జరిగే సంతాప కార్యక్రమాలను సారీ బిజినెస్ అంటారు. పనులన్నీ ఆగిపోతాయి, పోయినవారి పేరు ఎవరూ పలకరు, అదే పేరున్న మిగతావాళ్ళను కుమంజయి అని పిలుస్తారు. మేం రికార్డర్లు సర్దుకుని ఆలిస్‌కు తిరిగొచ్చాం. ఇలా ఖాళీ చేతులతో వచ్చే ప్రయాణానికీ డబ్బు కేటాయించాలని ఫండింగ్ ఇచ్చేవాళ్ళతో గట్టిగా వాదించాలి. అక్కడి ఎండాకాలం సెలవుల్లో, అంటే డిసెంబర్, జనవరిల్లో, క్రతువులుంటాయి. ఆ నెలల్లో పని పెట్టుకోకూడదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు చెట్టు నీడలో నేల మీద పక్కపక్కన కూర్చున్నాం. ముఖంలో ముఖం పెట్టి అడగడం అక్కడ మొరటుతనం. ఇలా కబుర్లలా మాట్లాడుకుంటూ విషయం తెలుసుకునే పద్ధతిని యార్నింగ్ అంటారు. బెస్సరాబ్, ఎన్‌గాండు అనే పరిశోధకులు 2010లో దీన్ని నాలుగు రకాలుగా వివరించారు. వాటిలో మొదటిది ఉత్త కబుర్లు, అవి తెగకముందే పరిశోధన అంశం ఎత్తకూడదు. గాలి హోరు, కుక్కల అరుపులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి మైకుకు బొచ్చు తొడుగు, పక్కన రెండో రికార్డర్ తప్పనిసరి.

మౌనం వస్తే వెంటనే ఇంకో ప్రశ్న వేయకూడదు, అది జవాబు కూడగట్టుకునే సమయం. "క్లినిక్ బాగుందా?" అంటే మర్యాదకు అవునంటారు. ఆ అవునును డేటాగా రాసుకుంటే అధ్యయనమంతా తప్పుతుంది. "మీరు క్లినిక్‌కు వెళ్ళిన రోజు ఏం జరిగింది?" అని అడిగితే డ్రైవర్ దొరకకపోవడం దగ్గర్నుంచి అన్నీ చెప్పారు.

సమ్మతి కాగితం మీద సంతకంతో తీరదు. దుబాసీని పెట్టుకుని నోటిమాటగా రికార్డు చేశాం. గొంతుకు, ఫొటోకు, పేరుకు, భద్రపరచడానికి విడివిడిగా అడిగాం. చనిపోయాక ఆ గొంతు ఎవరు వినొచ్చు, ఎన్నాళ్ళు మూసి ఉంచాలి, తెరవమని చెప్పే హక్కు కుటుంబంలో ఎవరిది అన్నవి కూడా అదే రికార్డింగులో చేర్చాం.