ఆరు పేజీలు రాశాను, ప్రశ్నకి జవాబు మాత్రం లేదు

అమలాపురంలో మాకో జిరాక్స్ షాపు ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒక్క మనిషీ రాడు, ఆ టైములో ఫోన్ చూస్తూ కూర్చునే బదులు ఏదైనా చదువుకుందామని దూరవిద్యలో ఎమ్మే హిస్టరీ కట్టాను. పెళ్ళయి పదకొండేళ్ళు. డిగ్రీలో హిస్టరీ బాగానే వచ్చేది కదా అన్న ధైర్యం తప్ప వేరే ఏమీ లేదు.

మొదటి అసైన్‌మెంట్ ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. 'గోదావరి డెల్టాలో వచ్చిన ఆర్థిక మార్పుకు ధవళేశ్వరం ఆనకట్ట ఎంతవరకు కారణం? విశ్లేషించండి.' కోనసీమలో పుట్టిన దాన్ని పట్టుకుని ఆనకట్ట గురించి అడిగితే రాయలేనా? ఒక ఆదివారం బస్సెక్కి ధవళేశ్వరం వెళ్ళి, ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు మీదున్న మ్యూజియం అంతా తిరిగి బోర్డులన్నీ ఫోటోలు తీసుకొచ్చాను, నెట్‌లో ఇంకో పది పేజీలు చదివాను, పాడైపోయిన జిరాక్స్ కాగితాల వెనక వైపు ఆరు పేజీలు నింపి, అందంగా ఫెయిర్ చేసి పంపించేశాను. 20కి 6 వచ్చింది. కింద ఒకే ముక్క: 'వర్ణన ఉంది, విశ్లేషణ లేదు.'

ఆ రోజు మా ఆయన మీద అనవసరంగా అరిచాను, అది వేరే కథ.

మా షాపుకి పింఛను కాగితాలు జిరాక్స్ తీయించుకోడానికి వచ్చే ఒక మాస్టారున్నారు, జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యారు. మొహమాటపడుతూనే కాగితాలు ఇచ్చాను. ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని పెన్సిల్‌తో మార్జిన్‌లో ఏదో గీస్తూ చదివారు, నేను మధ్యలో ఆధార్ కార్డులు తీస్తూ ఓరగా చూస్తున్నాను. చివరికి చూస్తే ఆరు పేజీల్లో పదకొండు చోట్ల ఒకటే మాట రాసి ఉంది: 'అయితే ఏంటి?'

కాటన్ 1803లో పుట్టాడు. అయితే ఏంటి? ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అయితే ఏంటి? వీణెం వీరన్న గారు ఆ పనిలో ఎంతో సాయపడ్డారని అరపేజీ రాశాను. దాని పక్కనా అదే. నాకు కోపమొచ్చింది, "అవన్నీ నిజాలే కదండీ మాస్టారూ" అన్నాను. "నిజాలు కావని నేనన్నానా అమ్మా? ఎంతవరకు అని అడిగాడు వాడు. అంతవరకు అని నువ్వెక్కడన్నా చెప్పావా?" అన్నారు.

మళ్ళీ చదివితే నిజంగానే ఎక్కడా చెప్పలేదు. 'ఎంతవరకు' అన్న మాటని నా కళ్ళు దాటేసి వెళ్ళిపోయాయి, 'ధవళేశ్వరం ఆనకట్ట' అన్నది కనిపించగానే తెలిసిందంతా కుమ్మరించేశాను. ఆయన మాటల్లోనే చెప్పాలంటే లాకులెత్తేశావు గానీ కాలువ తవ్వలేదు, నీళ్ళన్నీ ఊరి మీద పడ్డాయి.

రెండోసారి రాయడానికి నాకు ఐదు వారాలు పట్టింది. అందులో రాయడానికి పట్టింది నాలుగు రోజులే.

ముందు ఒకే వాక్యంలో జవాబు చెప్పమన్నారు. ఇది చాలా కష్టమైంది. 'ఆనకట్ట వల్ల డెల్టా బాగుపడింది' అని రాస్తే, ఇది కాదనేవాడు ఎవడైనా ఉన్నాడా, లేకపోతే అది వాదన కాదు, అన్నారు. నాలుగు రకాలుగా రాశాను, నాలుగూ కొట్టేశారు. ఇక చదవకుండా ముందుకి కదలదని అర్థమై రెండు ఆదివారాలు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళాను, అక్కడ పాత జిల్లా చరిత్రలు చదువుతుంటే నా మొదటి వ్యాసంలో నేను రాసినవి ఒక్కొక్కటే కూలిపోవడం మొదలైంది.

అన్నిటికన్నా సిగ్గుపడ్డది కోరంగి తుఫాను దగ్గర. 1839 నవంబరులో వచ్చిన తుఫానులో 3 లక్షల మంది చనిపోయారని రాశాను, నెట్‌లో ఎక్కడ చూసినా అదే ఉంటుంది. అదే వ్యాసంలో రెండు పేజీల తర్వాత, రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలుంటే 1841 నాటికి 5 లక్షల 61 వేలకి పడిపోయిందని కూడా నేనే రాశాను. మాస్టారు ఆ రెండు అంకెల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి మధ్యలో గీత గీశారు, ఏమీ అనలేదు. నేనే జిరాక్స్ లెక్కలేసే కాలిక్యులేటర్ మీద తీసివేత చేసి చూశాను. ఇరవై ఏళ్ళలో, కరువుతో, వలసలతో, రోగాలతో, తుఫానుతో అన్నిటితో కలిపి తగ్గింది 1 లక్షా 77 వేలు. ఒక్క తుఫానుకి 3 లక్షలు ఎలా పోతారు? ఆ తుఫాను ఘోరమైనదే, కోరంగి రేవుని దెబ్బ కొట్టిందే, కానీ ఆ అంకె నా వ్యాసంలో ఉన్న ఇంకో అంకెతోనే పోట్లాడుతోంది, నేను చూసుకోలేదు. అంకె పెద్దదిగా ఉంటే మార్కులు పడతాయనుకున్నాను, నిజం చెప్పాలంటే.

జిల్లా పేరు కూడా తప్పే. '1840ల్లో తూర్పు గోదావరి జిల్లాలో' అని రాశాను. అప్పుడు ఉన్నది రాజమండ్రి జిల్లా, గోదావరి జిల్లా అన్న పేరు 1859లో వచ్చింది, తూర్పు పశ్చిమలుగా విడిపోయింది 1925లో. మా అమ్మాయి స్కూలు పుస్తకం మీద 2022 నుంచి కోనసీమ జిల్లా అని రాస్తోంది, నా ఒక్కదాని జీవితంలోనే పేరు మారిందంటే ముందు ముందు ఇంకా ఎన్ని మారతాయో!

అసలు చిక్కు ముడి మాత్రం కారణాల దగ్గర ఉంది. నేను రాసిన వరస ఇది: నీళ్ళు లేవు, కరువొచ్చింది, జనం పోయారు, కాటన్ దొర ఆనకట్ట కట్టాడు, నీళ్ళొచ్చాయి, జనం బాగుపడ్డారు. సినిమా కథలా ఉంది కదా. కానీ 1832-33 కరువు ఒక్కటే కాదు, ఆ రోజుల్లోనే ఇంకోటి జరిగింది. నరసాపురం దగ్గర మాధవాయిపాలెం, యానాం దగ్గర ఇంజరం లాంటి చోట్ల ఈస్టిండియా కంపెనీ వాళ్ళు నేత బట్ట కొనేవాళ్ళు, మాధవాయిపాలెం పేరు మీదే ఒక రకం బట్టకి విదేశాల్లో పేరుండేది. ఆ కొనుగోళ్ళు ఆగిపోయాయి, 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మూతపడింది. మగ్గం మీద బతికే ఇంటికి కాలువలో నీళ్ళు ఉంటే మాత్రం ఏం లాభం? పైగా 1844లో జిల్లా పరిస్థితి మీద విచారణ చేసిన మాంట్‌గోమరీ రిపోర్టులో శిస్తు వసూళ్ళ తీరు, జమీందార్ల వ్యవహారం కూడా ఉన్నాయి. అంటే పడిపోవడానికి కారణం నీళ్ళు ఒక్కటే కానప్పుడు, లేవడానికి నీళ్ళు ఒక్కటే కారణమని ఎలా అంటాను?

ఇంకోటి, ఇది నేనే పట్టుకున్నాను, మాస్టారు చెప్పలేదు. నేను పోలిక మొదలుపెట్టింది 1841 నుంచి. అది కరువు, తుఫాను రెండూ అయిపోయి జిల్లా బాగా కిందికి పడిపోయి ఉన్న సంవత్సరం. అక్కడి నుంచి లెక్కపెడితే ఏది కట్టినా గొప్పగానే కనిపిస్తుంది. 1821 నుంచి మొదలుపెడితే బొమ్మ వేరు. ఇది చెప్పినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని "ఊఁ" అన్నారు, ఆ ఒక్క ఊఁ కోసం ఇంకో ఐదు వారాలైనా కూర్చునేదాన్ని.

ఆనకట్ట కట్టాలంటూ కాటన్ రాసిన రిపోర్టులోని మాటల్ని మొదటి వ్యాసంలో నేను వేదంలా వాడుకున్నాను, అది కూడా దెబ్బతింది. ఆయన ఆ రిపోర్టు రాసింది ఎవరికి? డబ్బు మంజూరు చేయాల్సిన కంపెనీ వాళ్ళకి. జిల్లా నాశనమైపోయిందని ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా శాంక్షన్ అవుతుంది. అబద్ధం చెప్పాడని కాదు, ఎందుకు చెబుతున్నాడో చూసుకుని చదవాలి. మా ఊళ్ళో స్నానానికి దిగిన పెద్దలు ఆయన్ని భగీరథుడని తలుచుకుంటూ శ్లోకం చదువుతారు, ఆ భక్తి నాకూ ఉంది, కానీ భక్తితో రాస్తే వచ్చిన మార్కులు ఆరే.

ఇటు వైపు మా తాతయ్యని కూడా లాక్కొచ్చాను. మాది శివారు పొలం, కాలువ చివర, "ఆనకట్ట ఉంది గానీ మనదాకా నీళ్ళేవిరా" అని తాతయ్య ఎప్పుడూ అనేవాడు. అది ఆధారంగా రాస్తే మాస్టారు కొట్టేసి, "తాతగారి మాట పట్టుకుని ప్రశ్న వెయ్యమ్మా, జవాబు మాత్రం రికార్డుల్లో వెతుక్కో" అన్నారు. అందువల్ల 'ప్రజలు బాగుపడ్డారు' అన్న చోట ప్రజలంటే ఎవరని అడగడం మొదలైంది: కాలువ మొదట్లో భూమున్న వాళ్ళా, శివారు వాళ్ళా, కౌలుదార్లా, కూలీలా?

ఇక భాష. మన తెలుగు వ్యాసాల్లో ఒక జబ్బుంది, నాకు బాగా ముదిరింది. 'అనడంలో అతిశయోక్తి లేదు', 'అని ఘంటాపథంగా చెప్పవచ్చు', 'చిరస్మరణీయం'. లెక్కపెడితే ఆరు పేజీల్లో పద్నాలుగు ఉన్నాయి. ఆధారం లేని చోటల్లా అతిశయోక్తి లేదని రాశానని తర్వాత తెలిసింది. అవి తీసేస్తే అరపేజీ తగ్గింది, ఏమీ పోలేదు.

చివరికి నిలబడ్డ వాక్యం ఇది: 'ఆనకట్ట లేకుండా ఈ మార్పు వచ్చేది కాదు, అయితే 1830ల పతనానికి నీటి కొరత ఒక్కటే కారణం కానట్టే తర్వాతి ఎదుగుదలకి ఆనకట్ట ఒక్కటే కారణం కాదు, కాలువల్లో పడవ రవాణా, ధాన్యానికి బయటి గిరాకీ తోడు కావడం వల్లే నీళ్ళు డబ్బుగా మారాయి.' దీని కింద ఒక్కో పేరాకి ఒక్కో మెట్టు. ఆనకట్ట బలాన్ని తగ్గించి చూపకుండా 1876-78 కరువుని పెట్టాను, మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా జిల్లాలు అల్లాడిపోతుంటే ఈ డెల్టా తట్టుకుని బయటికి ధాన్యం పంపింది. గోదావరి మీద రైలు వంతెన 1900లో గానీ రాలేదు కాబట్టి అప్పటిదాకా జరిగిన దానికి రైలుని కారణం చేయకూడదని కూడా రాశాను. వ్యతిరేక వాదనని మొదటిసారి చివర్లో 'కానీ కొందరు ఇలా కూడా అంటారు' అని అతికించాను, ఈసారి నేతపనివాళ్ళ సంగతి రెండో పేరాలోనే పెట్టి దానికి జవాబు చెప్పుకుంటూ వెళ్ళాను. మొత్తం నాలుగున్నర పేజీలు. వీరన్న గారిని తీసేయడం మాత్రం మనసుకి కష్టమనిపించింది.

20కి 14 వచ్చాయి. మాస్టారికి పూతరేకులు తీసుకెళ్తే, షుగరమ్మా అన్నారు, అయినా రెండు తిన్నారు.

మొన్న రెండో అసైన్‌మెంట్ వచ్చింది, కందుకూరి వీరేశలింగం సంస్కరణల పరిమితుల మీద. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు కాగితం తీసి గబగబా మొదలుపెట్టాను: 'కందుకూరి వీరేశలింగం పంతులు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో...' అక్కడ ఆగి, పక్కన పెన్సిల్‌తో 'అయితే ఏంటి?' అని నేనే రాసుకుని కొట్టేశాను.