డ్యూలీ అంటే ‘విధిగా’ కాదు

ఆఫీసు ఫారాల అడుగున ‘డ్యూలీ ఫిల్డ్ అండ్ సైన్డ్’ అని ఉంటుంది. తిరుపతి జిరాక్స్ షాపుల్లో దీన్ని ‘విధిగా నింపాలి’ అని చెప్పేస్తుంటారు. విధిగా అంటే మన వాడుకలో తప్పనిసరిగా అని. డ్యూలీ చెప్పేది వేరు: ఎలా చేయమన్నారో అలాగే చేసి, అని. ‘సక్రమంగా’ దీనికి దగ్గరి మాట. వర్తించని గడిని ఖాళీగా వదలకుండా ‘నాట్ అప్లికబుల్’ అని రాయడం, గీసిన గడి దాటకుండా సంతకం పెట్టడం, ఇవన్నీ డ్యూలీ కిందికే వస్తాయి.

ఈ మాటకు చట్టమే అర్థం రాసిపెట్టిన చోటు ఒకటుంది. 1899 నాటి ఇండియన్ స్టాంప్ యాక్ట్, సెక్షన్ 2(11): ‘డ్యూలీ స్టాంప్డ్’. స్టాంపు విలువ ఉండాల్సినదానికి తగ్గకూడదు, దాన్ని వాడిన తీరు కూడా చట్టప్రకారం ఉండాలి. రెండూ.

చిత్తూరు బెల్లం మండీలోనో, దామలచెరువు మామిడి మండీలోనో అప్పుకు రాసుకునే ప్రోనోటునే తీసుకోండి. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించారు, సంతకం మాత్రం దాని పక్కన పెట్టారు. విలువ సరిపోయింది, తీరు తప్పింది. స్టాంపు మళ్ళీ వాడడానికి పనికిరాకుండా దాని మీదుగా సంతకమో గీతో పోవాలి. లేకపోతే సెక్షన్ 12 ప్రకారం ఆ నోటుకు స్టాంపే లేనట్టు లెక్క. వేరే పత్రాలకైతే తగ్గిన సుంకమూ దానికి పదిరెట్ల జరిమానా కట్టి కోర్టులో సాక్ష్యంగా పెట్టుకునే వీలు సెక్షన్ 35లో ఉంది. ప్రోనోటుకు ఆ వీలు లేదు. తర్వాతెప్పుడో తీరిగ్గా స్టాంపు అంటిద్దామన్నా కుదరదు. సంతకానికి ముందో, సంతకం చేసేటప్పుడో అంటించాలని సెక్షన్ 17. అప్పిచ్చేవాళ్ళు వడ్డీ మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు ఆ చిన్న స్టాంపు మీద పెట్టరు!

ఇక అర్జీల్లో ‘ఐ డ్యూలీ రిక్వెస్ట్’ అని మర్యాదకు రాస్తుంటారు. డ్యూలీలో మర్యాద లేదు, అక్కడ ‘రెస్పెక్ట్‌ఫుల్లీ’ కావాలి. డ్యూలీ ఎక్కువగా వచ్చేది పూర్తయిన పనిని చెప్పే మాటల ముందే: డ్యూలీ అటెస్టెడ్, డ్యూలీ ఎలెక్టెడ్. ‘ద లెటర్ వాజ్ డ్యూలీ రిసీవ్డ్’ అంటే ఉత్తరం అందాల్సినట్టే అందిందని.

స్పెల్లింగ్ దగ్గర ఇంకో చిక్కు. ‘డ్యూ’ చివరి ఇ తీసేసి ఎల్, వై చేర్చాలి. ఎల్ రెండుసార్లు పడిందా, అది ‘డల్లీ’ అయిపోతుంది. ఫారం నీరసంగా నింపామని మనమే రాసిచ్చినట్టు.