స్టాఫర్డ్ టెర్రస్, 18వ నంబరు ఇల్లు

లండన్‌లో కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌కు కాస్త ఎగువన, ఒకే గోడను పంచుకుంటూ నిలబడిన మేడల వరుసలో 18, స్టాఫర్డ్ టెర్రస్ అనే ఇల్లు ఉంది. వీధిలోంచి చూస్తే పక్క ఇళ్ళకూ దానికీ పెద్ద తేడా కనిపించదు. విక్టోరియా రాణి కాలంలో కాస్త కలిగిన మధ్యతరగతి కుటుంబం ఎలాంటి కుర్చీల్లో కూర్చుందో, ఏ బొమ్మలు గోడకు తగిలించుకుందో ఆ కుటుంబపు సామానుతోనే చూపగల ఇళ్ళు ఆ మహానగరంలో బహు అరుదు. ఆ అరుదైనవాటిలో ఇదొకటి.

వ్యంగ్య వారపత్రిక 'పంచ్'కు 1867 నుంచి బొమ్మలు వేస్తున్న ఎడ్వర్డ్ లిన్లీ శాంబోర్న్, భార్య మారియన్‌తో కలిసి 1875లో ఈ ఇంట్లో చేరారు. 89 ఏళ్ళ లీజుకు వారు చెల్లించినది 2,000 పౌండ్లు. నడిచి వెళ్ళేంత దూరంలోనే, హాలండ్ పార్క్ పక్కన, ఫ్రెడరిక్ లైటన్ వంటి పేరుమోసిన చిత్రకారులు తమ కోసం భవంతులు కట్టించుకున్నారు. శాంబోర్న్‌కు వారి అభిరుచి ఉంది కానీ వారి ఆదాయం లేదు. ఆనాటి ప్రసిద్ధ రూపకర్త విలియం మోరిస్ గోడకాగితాలు, రంగుటద్దాల కిటికీలు, నీలిరంగు పూల పింగాణీ పాత్రలు, సందు లేకుండా వేలాడదీసిన చిత్రాలు ఆ ఇంటిని నింపేశాయి. కొన్నేళ్ళకు తోలును తలపించే ఖరీదైన గోడకాగితం తెప్పించినప్పుడు, పటాల వెనుక గోడ ఎవరికీ కనబడదు కనుక అక్కడ దాన్ని అతికించకుండా వదిలేశారు. ఈ పొదుపు గురించి తెలిసిన తరువాతే ఆ దంపతులు నాకు చరిత్రలోని పాత్రలుగా కాక మనుషులుగా కనిపించారు.

వారం వారం గడువులోగా బొమ్మ అందించాల్సిన వృత్తి కావడంతో ఆయన ఫోటోగ్రఫీని ఆశ్రయించారు. ఇంటివారికీ, పనివారికీ కావలసిన వేషం వేయించి, భంగిమ పెట్టించి, ఫోటో తీసి, దాన్ని చూస్తూ గీసేవారు. ఒక్కోసారి తానే కెమెరా ముందు నిలబడేవారు. స్నానాల గదే ఫోటోలు కడిగే గది అయింది. మరోవైపు మారియన్ 1881 నుంచి దినచర్య రాస్తూ వచ్చారు. ఆ ఫోటోలూ ఈ డైరీలూ ఉండబట్టే ఆ గదుల్లో రోజులు ఎలా గడిచాయో కూడా ఈనాడు తెలుసుకోగలుగుతున్నాం.

శాంబోర్న్ 1910లో, మారియన్ 1914లో మరణించారు. అవివాహితుడైన కొడుకు రాయ్ 1946లో చనిపోయేదాకా అక్కడే ఉండి, తల్లిదండ్రులు అమర్చిన దాన్ని దాదాపుగా కదిలించలేదు. పాత ఇల్లు నిలవడానికి చట్టాలూ నిధులూ కావాలని మనం తరచుగా అనుకుంటాం. ఈ ఇంటిని ఆ ముప్ఫై రెండేళ్ళూ కాపాడినది, ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచిన ఒక వారసుడు మాత్రమే. ఆయన తరువాత ఇల్లు అక్క మాడ్ చేతికి, ఆమె నుంచి కూతురు ఆన్ చేతికి వచ్చింది.

రాస్ ప్రభువును పెళ్ళాడిన ఈ ఆన్ పాత్రే ఈ కథలో అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం. విక్టోరియా కాలపు కట్టడాలంటే వికారమైనవని, కూల్చదగినవని చదువుకున్నవారు సైతం తీసిపారేస్తున్న రోజుల్లో, 1957 నవంబరులో, కవి జాన్ బెట్జమన్ తదితరులను ఆమె ఈ ఇంటికే పిలిచి సమావేశపరిచారు. అలాంటి కట్టడాలను కాపాడేందుకు మరుసటి ఏడాది ఏర్పడిన విక్టోరియన్ సొసైటీ అనే సంఘానికి బీజం అక్కడే పడింది. యూస్టన్ స్టేషన్ ముందున్న మహాద్వారాన్ని ఆ సంఘం కాపాడలేకపోయింది. 1961లో దాని కూల్చివేత మొదలైంది. సెయింట్ పాంక్రాస్ స్టేషన్ విషయంలో మాత్రం పోరాటం ఫలించి, 1967లో దానికి చారిత్రక కట్టడాలకిచ్చే మొదటి శ్రేణి రక్షణ దక్కింది.

1980లో ఆన్ ఈ ఇంటిని సామానుతో సహా అప్పటి నగర పాలక సంస్థ గ్రేటర్ లండన్ కౌన్సిల్‌కు అమ్మారు. విక్టోరియన్ సొసైటీ దాన్ని సందర్శకుల కోసం తెరిచింది. 1989 నుంచి అది కెన్సింగ్టన్, చెల్సీ స్థానిక పాలక మండలి చేతిలో ఉంది. లైటన్ భవంతి కూడా అదే మండలి నిర్వహణలో ఉంది కనుక, లండన్‌లో ఉన్నవారు రెండింటినీ ఒకే రోజు, ముందు లైటన్‌ది, తరువాత శాంబోర్న్‌ది చూడాలని నా సలహా. అక్కడ ధనం చేసిన పనిని ఇక్కడ ఓపికా పొదుపూ ఎంతవరకు చేయగలిగాయో ఆ వరుసలో చూస్తేనే స్పష్టంగా తెలుస్తుంది.