సస్పెన్స్ అకౌంట్

నేను అకౌంటెంట్‌ని. పదహారేళ్లుగా ఇదే పని. చేరిన కొత్తలో నాకు నేర్పిన మొదటి పాఠం, ఓచర్ లేకుండా ఎంట్రీ వెయ్యకూడదని. ఎంత చిన్న మొత్తమైనా సరే, ఎందుకు ఖర్చయిందో చెప్పే కాగితం ఉండాలి.

అందుకేనేమో, దిగులు మొదలైనప్పుడు నేను ముందు దాని కాగితం వెతికాను. ఉద్యోగం ఉంది. జీతం టైముకి వస్తోంది. ఇంట్లో గొడవల్లేవు. ఈ మధ్య దగ్గరివాళ్లెవరూ పోలేదు. మరి సాయంత్రం ఆఫీసు పార్కింగ్‌లో, హెల్మెట్ పెట్టుకుని, బండి స్టార్ట్ చెయ్యకుండా ఇరవై నిమిషాలు ఎందుకు కూర్చుంటున్నట్టు? ఏడుపు కాదది. ఏడుపొస్తే కాస్త తేలికపడేవాణ్ణి. తడిసిన గోనెసంచి భుజాన వేసుకున్నట్టు ఉండేది, అంతే. హెల్మెట్ ఎందుకంటే, అది తలమీద ఉన్నంతసేపు మొహం సర్దుకోనక్కర్లేదు.

ట్రయల్ బ్యాలెన్స్, అంటే డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే పట్టిక, కుదరనప్పుడు మేము ఒక పని చేస్తాం. తేడా ఎక్కడుందో దొరికేదాకా ఆ మొత్తాన్ని సస్పెన్స్ అకౌంట్‌లో పడేస్తాం. తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతే, ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయని అనుమానిస్తాం. 54 బదులు 45 రాసినట్టు. దిగులుకి అలాంటి కిటుకు కూడా లేదు. ఏ రోజు మొదలైందా అని పాత క్యాలెండర్ కూడా తిరగేశాను. పిచ్చిపనే.

ఇంట్లో మా ఆవిడ "ఏమైంది?" అని అడిగేది. "ఏం లేదు" అనేవాణ్ణి. అబద్ధం కాదు, నిజంగానే ఏమీ కాలేదు. చిక్కంతా అక్కడే. "ఏమైంది" అన్న ప్రశ్నకి జవాబుగా ఏదో ఒకటి జరిగి ఉండాలి. జరగనిదాన్ని ఎలా చెప్పడం?

ఒకసారి మాత్రం ఓ స్నేహితుడి దగ్గర నోరు విప్పాను. సగం వాక్యం కూడా పూర్తికాలేదు, "నీకేం తక్కువరా?" అన్నాడు. వాడి ఉద్దేశం మంచిదే. నాకున్నవన్నీ వేళ్లమీద లెక్కపెట్టి చూపించాడు. అన్నీ సరైన లెక్కలే, ఒక్కటీ కొట్టెయ్యడానికి లేదు. ఇంటికొచ్చాక దిగులు అలాగే ఉంది, పైగా ఇన్ని ఉండి కూడా దిగులుపడుతున్నానన్న సిగ్గు తోడైంది. ఆ తర్వాత రెండు నెలలు ఎవరి దగ్గరా ఎత్తలేదు.

చివరికి చెప్పింది అక్కకి. అదీ అనుకుని కాదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది, మళ్లీ నిద్ర పట్టడం లేదు. అలాంటి ఒక రోజు ఆరయ్యేదాకా ఆగి ఫోన్ చేశాను. "అక్కా, నాకు బాగోలేదు. ఎందుకో తెలీదు. ఎందుకని మాత్రం అడక్కు" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సరే, అడగను. నిద్ర పడుతోందా? తింటున్నావా? నీకిష్టమైన పనులు చెయ్యబుద్ధి అవుతోందా?" అంది. మూడింటికీ జవాబులున్నాయి నా దగ్గర! అన్ని రోజుల్లో నేను జవాబు చెప్పగలిగిన మొదటి ప్రశ్నలవి. "డాక్టర్ దగ్గరికి వెళ్లరా. జ్వరమొస్తే ఎందుకొచ్చిందో తేలేదాకా కూర్చుంటావా?" అంది.

వెళ్లాను. డాక్టర్ ముందు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, రక్తం తగ్గినా, బి12 లోపించినా మనిషి ఇలా డీలా పడొచ్చట. నాకు బి12 కొంచెం తక్కువుంది, మిగతావి బాగానే ఉన్నాయి. "దీనివల్లే అని చెప్పలేం, కాదనీ చెప్పలేం" అన్నారాయన. ఒక డాక్టర్ నోటివెంట ఆ మాట వినడం ఎంత ఊరటగా ఉందో! ఆయన దగ్గర కూడా ఓచర్ లేదన్నమాట.

తర్వాత ఒక కాగితం చేతికిచ్చారు. పీహెచ్‌క్యూ-9 అంటారట. 2001లో వచ్చిన ప్రశ్నపత్రం. గత రెండు వారాల్లో ఉత్సాహం లేకపోవడం, నిద్ర, ఆకలి, అలసట, మనసు నిలవకపోవడం లాంటివి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయని అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా, మొత్తం 27. నాకు 13 వచ్చింది. 10 గానీ, అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవాల్సిందేనట. ఇది జబ్బును నిర్ధారించే పరీక్ష కాదని, మాట్లాడటానికి ఒక మొదలు మాత్రమేనని ఆయన రెండుసార్లు చెప్పారు. నేను మాత్రం ఆ కాగితాన్ని ఆడిటర్‌లా పైనుంచి కిందిదాకా చదివాను. తొమ్మిది ప్రశ్నల్లో ఒక్కదాంట్లోనూ "ఎందుకు" అనే మాట లేదు.

తొమ్మిదోది చావు గురించిన ఆలోచనల మీద. అక్కడ సున్నా పెట్టాను, కానీ పెన్ను కాసేపు ఆగింది. ఆగిందని కూడా డాక్టర్‌కి చెప్పాను. (అక్కడ సున్నా పెట్టలేనివాళ్లు నా పోస్టు చివరిదాకా చదివే పని పెట్టుకోకండి. ఇవాళే, ఇప్పుడే, ఎవరో ఒకరికి చెప్పండి.)

ఇప్పుడు వారానికోసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాను. మొదటి రెండుసార్లు ఎక్కువగా గోడమీది గడియారాన్నే చూశాను. ఆవిడేమీ అనుకోలేదు. రోజూ అక్కకి ఒక మెసేజ్ పెడతాను. కారణాలుండవు, వివరాలే: "3:10కి లేచాను." "పార్కింగ్‌లో ఐదు నిమిషాలే." అక్క "చూశాను" అని కొడుతుంది. కొన్ని రోజులు అదీ ఉండదు, రెండు నీలం టిక్కులు మాత్రమే. అవి చాలు నాకు.

ఇంట్లో చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. ఎదురుగా కూర్చుంటే ఆ మొహం చూసి మాట రాదు. ఒక ఆదివారం బండిమీద వెళ్తున్నాం, తను వెనక కూర్చుంది. హెల్మెట్ ఉంది కదా అన్న ధైర్యంతో, "కొన్నాళ్లుగా మనసు బాగుండట్లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను" అన్నాను.

"ఏంటండీ? వినపడట్లేదు!"

ఇంకోసారి అన్నాను. గాలికి అదీ కొట్టుకుపోయింది. సిగ్నల్ దగ్గర బండాపి, హెల్మెట్ అద్దం పైకి తీసి, ఇంజిన్ల మోతకి మించి గట్టిగా అరిచాను. పక్క బండాయన తిరిగి చూశాడు.

ఎందుకని అడుగుతుందనుకున్నాను. జవాబు కోసం తడుముకుంటున్నాను కూడా.

"ఎప్పట్నుంచి?" అంది.

అది నాకు తెలుసు. నెలలు లెక్కపెట్టి చెప్పాను.