నౌపడ ఉప్పు మళ్ల దగ్గర

ఈరోజు నౌపడలో ఉప్పు మడి గట్టు మీద నిలబడితే, నీరు ఇగిరేకొద్దీ అంచున తెల్లటి పొర కట్టడం కళ్లముందే కనిపించింది. జీవం పుట్టుకలో అసలు చిక్కుముడి ఈ ఎండటంలోనే ఉంది.

1953లో రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ మిల్లర్ తొలినాటి భూమి వాతావరణాన్ని అనుకరిస్తూ గాజు పాత్రలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి వారం పాటు కరెంటు మెరుపులు పంపితే గ్లైసిన్, అలనిన్ అనే అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్లను కట్టే ముక్కలు, వచ్చాయి. సరే, ఇటుకలు దొరికాయి. మరి గోడ? రెండు అమైనో ఆమ్లాలు అతుక్కోవాలంటే ఒక నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ నీళ్లే ఉంటే ఆ పని సాగదు, అతుక్కున్నవీ మెల్లగా విడిపోతాయి. అందుకే గుంట ఎండాలి, వేడెక్కాలి, మళ్లీ తడవాలి. ఎండితే గొలుసు పెరుగుతుంది, తడిస్తే కొత్త జతలు కలుస్తాయి.

అయితే ఉప్పు మడి పనికిరాదు. కణానికి పొర కావాలి కదా! కొవ్వు ఆమ్లాలు పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 చుట్టుపక్కల వాటంతటవే సన్నటి బుడగలు కడతాయి. ఉప్పు ఎక్కువైనా, కాల్షియం, మెగ్నీషియం చేరినా చెదిరిపోతాయి. ఈ లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లలో సబ్బు నురగ రాక తెల్లగా విరిగిపోతుందే, అదే రసాయనం.

అందుకే నా మొగ్గు అగ్నిపర్వతాల పక్కనుండే వేడి మంచినీటి గుంటలవైపు. జీవం సముద్రగర్భపు వేడి ఊటల్లో పుట్టిందన్న వాదనకూ బలముంది గానీ, అక్కడ ఎండే వీలేది?